లింగవ్వ ఖోలిలో తావు

పొద్దున లేవగానే లింగవ్వ చేసే మొదటి పని బొంతలు చుట్టి మూలకు పెట్టడం. రెండోది పొయ్యి వెలిగించి బగోనెడు చాయ్ పెట్టడం. మూడోది వెనక తలుపు తీసి, అంట్లు తోమిన నీళ్ళు ఖాడీలో గుమ్మరించడం. ఖాడీ అంటే సూరత్‌లోని బమ్రోలిలో ఇళ్ళ వెనకగా పారే మురుగు వాగు. దాని రంగు చూసి, ఆ రోజు మిల్లుల్లో చీరలకు ఏ అద్దకం పడిందో చెప్పేయొచ్చు. ఎరుపో నీలమో చూసి, ముక్కు మూసుకుని, తలుపు వేసేసి ఆమె చాయ్ వడబోసేది.

ఈ మూడు పనులూ ఆమె నలభై ఏళ్ళుగా ఒకే గదిలో చేస్తోంది. సూరత్‌లో అలాంటి ఒంటి గదిని ఖోలి అంటారు. గల్లీ చిట్టచివర ఉన్న ఆ ఖోలి వెడల్పు పదడుగులు, పొడవు పన్నెండడుగులు అని కిరాయి కాగితంలో రాసి ఉంది గానీ, ఆ కాగితాన్ని ఎవరూ పెద్దగా నమ్మేవారు కాదు. ఎందుకంటే సిరిసిల్ల వైపు నుంచి మగ్గాల పని వెతుక్కుంటూ ఎవరు వచ్చినా, సంచి భుజాన వేసుకుని ముందుగా ఆమె గడపలోనే నిలబడేవారు. “అవ్వా, తావుందా?” అని అడిగేవారు. “ఉంది, లోపటికి రా” అనేది లింగవ్వ. ఆ మాట అనగానే వెనక గోడ జానెడు వెనక్కి జరిగేది. వచ్చినవాడు అక్కడ బొంత పరుచుకునేవాడు. వాడు వేరే ఖోలి చూసుకుని వెళ్ళిన మర్నాడు గోడ తన పాత చోటికి వచ్చేది. ఇంటి యజమాని ఒకసారి టేపు తెచ్చి కొలిచాడు. నెల తర్వాత మళ్ళీ కొలిచాడు. టేపు సాగిపోయిందని దాన్ని ఖాడీలో పారేసి వెళ్ళాడు. అంతకుమించి ఆ గోడ గురించి గల్లీలో ఎవరూ మాట్లాడుకోలేదు. నల్లా నీళ్ళు ఎన్నింటికి వస్తాయన్నదే వాళ్ళకు పెద్ద ముచ్చట.

ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. లింగవ్వ దగ్గర ఆ సామెత ఓడిపోయింది. నలభై ఏళ్ళలో ఆమెకు గుజరాతీ నాలుగు ముక్కలకు మించి అంటలేదు. అవసరమూ పడలేదు. గల్లీ నిండా మనవాళ్ళే. కూరగాయల బండివాడు కూడా ఆమె ఇంటి ముందుకు వచ్చేసరికి “వంకాయలమ్మా” అని తెలుగులో అరవడం నేర్చుకున్నాడు.

కరోనా వచ్చి మగ్గాలు ఆగిపోయిన ఎండాకాలంలో సగం గల్లీ రైళ్ళెక్కి ఊళ్ళకు పోయింది. లింగవ్వ ఇంట్లోవాళ్ళు పోలేదు. కోడలు ఊర్మిళకు తొమ్మిదో నెల. పెళ్ళయిన పదకొండేళ్ళకు నిలిచిన కడుపు. ఆ కిక్కిరిసిన రైల్లో ఆమెను ఎక్కించే ధైర్యం కొడుకు దశరథానికి లేకపోయింది. వాళ్ళతోనే ఉంటున్న సోమలింగం, బిక్షపతి అనే ఇద్దరు పనివాళ్ళకు టికెట్లు దొరకలేదు. అలా ఆ ఖోలిలో ఐదుగురు మిగిలారు. ఆరో మనిషి కడుపులో ఉంది.

మే నెలలో యూనివర్సిటీ వాళ్ళు గల్లీల్లోకి వచ్చారు. ప్రజారోగ్యం చదివే పిల్లలను ఇద్దరిద్దరుగా జట్లు కట్టి, తల నుంచి పాదం దాకా తెల్ల కవర్లు తొడిగి, పసిపిల్లల నుంచి పండు ముసలివాళ్ళ దాకా అందరికీ ఆరోగ్య పాఠాలు చెప్పి రమ్మని పంపారు. పనిలో పనిగా ఇంటింటి సర్వే కూడా చేయమన్నారు. బమ్రోలి వచ్చిన జట్టులో కృపాలి అడిగేది, నీరజ ఫోన్‌లోని యాప్‌లో టిక్కులు పెట్టేది.

ఈ నీరజ తెలుగు పిల్లే. తండ్రి రామమోహన్‌ది కరీంనగర్ వైపు. సూరత్‌లోనే అడాజన్ వైపు ఇడ్లీ బండితో మొదలుపెట్టి టిఫిన్ సెంటర్ దాకా ఎదిగాడు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు. కానీ తనకు తెలుగు వచ్చని నీరజ యూనివర్సిటీలో ఎవరికీ చెప్పలేదు. చెబితే బమ్రోలి తెలుగు గల్లీలన్నీ తన నెత్తిన పడతాయని ఆమె భయం. మనలో మాట, ఆ ఎండలో ఆ ప్లాస్టిక్ తొడుగు వేసుకుని ఒక్క రోజు తిరిగితే మనం కూడా చెప్పం.

లింగవ్వ ఇల్లు ఆ రోజుకు తొంభై ఒకటోది. కృపాలి గడప ముందు నిలబడి గుజరాతీలో అడిగింది. “బా, ఘర్‌మా కోఈనే తావ్ ఛే?” ఇంట్లో ఎవరికైనా జ్వరం ఉందా అని ఆమె ప్రశ్న. గుజరాతీలో తావ్ అంటే జ్వరం.

లింగవ్వకు ఆ ప్రశ్నలో ఒక్క మాటే వినపడింది. నలభై ఏళ్ళుగా గడపలో వినపడే మాటే అది. ఇద్దరు ఆడపిల్లలు, తెల్ల సంచుల్లో చుట్టేసినట్టున్నారు, చెమటలు కారుతున్నాయి. తావుందా అని అడుగుతున్నారు.

“అయ్యో, ఉంది, ఎందుకు లేదు?” అంది తల గట్టిగా ఊపుతూ. “తావుంది బిడ్డా. లోపటికి రాండి, ఎండల నిలవడ్డరు.”

వెనక గోడ రెండు జానలు జరిగింది.

“హా పాడే ఛే,” ఔనంటోందని కృపాలి నీరజ వైపు తిరిగింది. నీరజకు అంతా అర్థమైంది. ముసలామె ఏమందో తెలుసు. లోపల తమ ఇద్దరి కోసం కొత్తగా బయటపడిన నేల కూడా కనిపించింది. కానీ కృపాలికి చెప్పాలంటే, నీకెలా తెలుసని అడుగుతుంది. ఇంకా తొమ్మిది ఇళ్ళున్నాయి. కళ్ళద్దాల లోపల ఆవిరి పట్టింది. జ్వరం దగ్గర అవును, కాదు అని రెండు గళ్ళున్నాయి. నీరజ వేలు అవును మీద పడింది.

అప్పటికే రెండు గల్లీల అవతల ఒక కరోనా కేసు ఉండటంతో, ఈ టిక్కుతో యాప్‌లో లింగవ్వ గల్లీ కూడా ఎర్రబడింది. మర్నాడు పొద్దున్నే ట్రక్కులో ఎనిమిదడుగుల రేకులు దిగాయి. గల్లీ మొదట్లో ఇనుప గుంజలు పాతి, రేకులను వాటికి వెల్డింగ్ చేసి పోయారు. పద్నాలుగు రోజులు ఎవరూ బయటికి రాకూడదన్నారు. లింగవ్వ ముక్కులోంచి శాంపిల్ తీశారు. ఆమెకు ఏ రోగమూ లేదని ఐదో రోజు రిపోర్టు వచ్చింది. అయినా కాగితం మీద పద్నాలుగు అని రాసేశారు కాబట్టి పద్నాలుగే. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అంటారు. ఆ గల్లీకి ముందు రేకు, వెనుక ఖాడీ.

అసలు సంగతి బయటపెట్టింది గుజరాతీ బడికి పోయే పిల్లలు. లింగవ్వ జరిగింది జరిగినట్టు చెబుతుంటే వాళ్ళు పకపకా నవ్వి, తావ్ అంటే జరమని చెప్పారు. పెద్దవాళ్ళు మాత్రం నవ్వలేదు. పక్క ఖోలి లింగమూర్తి వీధిలో నిలబడి అందరికీ వినపడేలా అన్నాడు. “నోరు మంచిదైతే ఊరు మంచిదంటరు. గీ ముసల్దాని నోటికి గల్లీ మొత్తం బందైంది. నలభై ఏండ్లల జరమన్న మాట నేర్సుకోకపోతివి!”

లింగవ్వ ఇంట్లోకి పోయి గోడకు ఆనుకుని కూర్చుంది. సాయంత్రం చాయ్ తాగమని ఊర్మిళ అందిస్తే, గ్లాసు పక్కకు పెట్టి అంది.

“ఇగ ఈ ఇంట్ల తావు లేదు. ఎవ్వలకు లేదు.”

ఆ మాట ఆమె జీవితంలో మొదటిసారి అంది. తెల్లారేసరికి వెనక గోడ జానెడు ముందుకు వచ్చి ఉంది. ఆ మర్నాడు ఇంకో జానెడు.

ఇంట్లోవాళ్ళు చేయగలిగింది చేశారు. మంచం పట్టనప్పుడు దాన్ని తాళ్ళతో కప్పు కింద వేలాడగట్టారు. బట్టల పెట్టె లింగమూర్తి ఇంటికి చేరింది. అతను కోపంగానే తీసుకుని, పిల్లలు ఎక్కి తొక్కకుండా అటక మీద పెట్టాడు. సోమలింగం, బిక్షపతి గల్లీలో అరుగు మీద పడుకోవడం మొదలుపెట్టారు. వారం తిరిగేసరికి బియ్యం డబ్బా, గ్యాసుబండ కూడా బయటికొచ్చాయి. ఊర్మిళ తల లోపల, కాళ్ళు గడప మీద పెట్టి పడుకునేది. ఊపిరి ఆడటం లేదని ఆమె ఒక్కసారీ అనలేదు. భర్తకు మాత్రం ఆమె కళ్ళు చూస్తే తెలిసేది.

రేకులు వేసిన మూడో రోజునే యూనివర్సిటీలో గైడ్ సార్ విద్యార్థుల గ్రూపులో ఒక మెసేజ్ పెట్టారు. రేకులు వేసిన తెలుగు గల్లీలో పాఠాలు చెప్పడానికి తెలుగు వచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని. రెండు రోజులుగా నీరజకు అన్నం సయించడం లేదు. నాకు వచ్చు సార్ అని రాసింది.

రేకుల పక్కన, గోడకూ చివరి గుంజకూ మధ్య సన్నటి సందు ఒకటుంది. పాసున్న బక్కపలచటి మనిషి పక్కకు తిరిగి దూరితే లోపలికి వెళ్ళొచ్చు. నీరజ అలా దూరింది. ఈసారి తెల్ల తొడుగు లేదు, మాస్కూ ఏప్రనూ మాత్రమే. ఆమెను ఎవరూ గుర్తుపట్టలేదు. తెలుగు మాట వినగానే గల్లీ గల్లీ అంతా గడపల్లోకి వచ్చింది. “మన పొల్ల! యూనివర్సిటీల చదువుతదంట!” అని మురిసిపోయారు.

రోజూ వచ్చి ఆమె మనసుపెట్టి పాఠాలు చెప్పింది. పిల్లలకు చేతులు కడుక్కోవడం, ముసలివాళ్ళకు ఊపిరి బిగబట్టి వదలడం, బీపీ గోళీలు మరిచిపోకుండా వేసుకోవడం. జ్వరం వచ్చిన మనిషిని వేరే గదిలో ఉంచాలనే పేజీ వచ్చినప్పుడు లింగవ్వ ఖోలి వైపు చూసి ఆ పేజీ తిప్పేసింది. కడుపులో బిడ్డ కదలికలు ఎలా లెక్కపెట్టాలో ఊర్మిళకు నేర్పింది. కాగితం మీద గీతలు గీయమంటే ఊర్మిళకు కుదరలేదు. ఒక పోగు తీసుకుని, బిడ్డ కదిలినప్పుడల్లా ఒక ముడి వేసింది. మధ్యాహ్నం తిండి తర్వాత రెండు గంటల్లో పది ముళ్ళు పడితే భయం లేదని నీరజ చెప్పింది. మొదటి వారమంతా గంటలోపే పది పడేవి.

తావు లేదన్న ఆ ఇంట్లోంచే ప్రతిరోజూ లింగవ్వ చాయ్ గ్లాసు గడప బయటికి చాచేది. నీరజ బయట నిలబడి తాగేది.

“గా తెల్లబట్టలామె ఎవ్వతో గానీ, రాసిన చెయ్యి పడిపోను,” అనేవాడు లింగమూర్తి.

“ఆమెనేమంటవు? నా నోరే మంచిది గాదు,” అనేది లింగవ్వ.

నీరజ ఖాళీ గ్లాసు గడప మీద పెట్టి పక్క ఇంటికి పోయేది.  ఏడో రోజున ధైర్యం చేసి గైడ్ సార్‌కు ఫోన్ చేసి జరిగింది చెప్పింది. ఆయన డేటా పైకి వెళ్ళిపోయిందని, తెలిసీ తప్పు రాశానని ఒప్పుకుంటే ఫీల్డ్ వర్క్ రద్దవుతుందని, ఒక ఏడాది పోతుందని, ఇంకో వారం ఓపిక పడితే రేకులు వాటంతటవే లేస్తాయని నెమ్మదిగా చెప్పారు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఆమెకూ తెలుసు. అడకత్తెరలో పోకచెక్కలా రోజూ ఆ సందులోంచి దూరి వచ్చేది, మళ్ళీ దూరి పోయేది.

డాక్టరమ్మ ఊర్మిళ కాన్పుకు రాసిచ్చిన తారీఖు రేకులు వేసిన రెండో రోజునే వచ్చి వెళ్ళిపోయింది. నొప్పులు రాలేదు. రేపు, ఎల్లుండి అనుకుంటూ పది రోజులు గడిచాయి. గల్లీ ఆడవాళ్ళకు కారణం తెలుసు. నీరజకు చెప్పారు కూడా.

“తావు లేదని అవ్వ అన్నది గద. కడుపుల బిడ్డ ఇన్నది. తావు లేదన్న ఇంటికి ఎవ్వలొస్తరు?”

నీరజ తల ఊపింది. ఆలస్యానికి కారణం రాసే గడి ఆమె రిజిస్టర్‌లో ఉంది గానీ అందులో ఏమీ రాయలేదు.

పన్నెండో రోజు పొద్దున పదింటికి ఆమె వచ్చేసరికి ఊర్మిళ పోగు చేతికిచ్చింది. తెల్లవారుజాము నుంచి మూడే ముళ్ళు పడ్డాయి. నీరజ ఆమెను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, చక్కెర నీళ్ళు తాగించి, గంటసేపు చేయి కడుపు మీద పెట్టి కూర్చుంది. నాలుగో ముడి పడలేదు.

“చెల్లె,” అంది ఊర్మిళ, “నా బిడ్డ అలిగిందా, అలసిపోయిందా?”

 నీరజ చదువుకున్న పాఠం ప్రకారం ఇక ఆలస్యం చేయకూడదు. అంబులెన్స్‌కు ఫోన్ చేసింది. బండి వెంటనే వచ్చింది గానీ రేకుల దగ్గర ఆగిపోయింది. వెల్డింగ్ విప్పే మనిషిని ఆఫీసు పంపాలి, కాగితం మీద సంతకం పెట్టాల్సిన ఆయనేమో క్వారంటైన్‌లో ఉన్నాడు. వేరే ఆయన కోసం వెతుకుతున్నామన్నారు. దశరథం ఇనుప రాడ్ తెచ్చి రేకుల మీద బాదాడు. సొట్టలు పడ్డాయంతే. కాపలా ఉన్న హోంగార్డు అతన్ని ఆపలేదు సరికదా, అటువైపు నుంచి తనూ గుంజ పట్టుకుని ఊపాడు. అది కదల్లేదు. నీరజ దూరే సందులో ఊర్మిళ కడుపు పట్టదు. నిచ్చెన వేసి ఎక్కించడం నీరజ వద్దంది. డ్రైవరు కాసేపు చూసి, ఖాడీ అవతలి సడక్ మీదికి వస్తాను, అక్కడి నుంచి ఏదైనా దారి దొరుకుతుందేమో చూడండని బండి తిప్పుకుపోయాడు.

లింగవ్వ వెనక తలుపు తీస్తే ఆ బండి కనిపించింది. మధ్యలో పాతిక అడుగుల నల్లటి బురద. గోడ ముందుకు వచ్చిన మేర గట్టు మీద కొంచెం నేల బయటపడింది గానీ, దాని చివర మళ్ళీ ఖాడీనే. దశరథం ఆ గట్టున నిలబడి అటూ ఇటూ చూసి, నేల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

గడపలో ఆడవాళ్ళు గుమిగూడారు. లింగమూర్తి పెళ్ళాం చేతులు జోడించింది.

“అవ్వా, ఒక్క మాట. తావుందని ఒక్క మాట అను. నీ కాళ్ళు మొక్కుత.”

లింగవ్వ గోడ మూలలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. ఆ గదిలో అంతకన్నా చాచడానికి చోటూ లేదు.

“అన్న ఒక్క మాటకే ఇంతమంది బందైన్రు,” అంది. “నాకు భాష రాదు. నా నోట్లె నుంచి ఏది ఎట్ల ఎల్తదో, ఎవ్వలకేం వినవడ్తదో నాకెర్క లేదు. మల్ల నోరు తెరిస్తే నా కోడలికేమైతదో. నాతోని గాదు.” ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “నాకు భయమైతుంది బిడ్డా.”

నీరజ ఊర్మిళ చేతిలోని పోగు చూసింది. మూడు ముళ్ళు. ఆ మూడింటి తర్వాత పోగు అంతా నున్నగా ఉంది. ఏడాది పోతే పోనీ అనుకుంది. నిజానికి అంత స్పష్టంగా కూడా అనుకోలేదు. మాస్కు కిందికి లాగేసింది. అందరికీ రోజూ వద్దని చెప్పే పనే అది.

“అవ్వా, నువ్వు గుజరాతీల ఏం చెప్పలేదు. తెలుగులనే చెప్పినవ్. తావుంది బిడ్డా, లోపటికి రాండి, ఎండల నిలవడ్డరు అన్నవ్.”

లింగవ్వ తలెత్తింది. “నీకెట్ల తెలుసు?”

“ఆ ఇద్దరిలో ఒకదాన్ని నేను. టిక్ పెట్టింది నేనే. నువ్వన్నది నాకు మంచిగ అర్థమైంది. అయినా జరం ఉందని పెట్టిన. తెలుగు వచ్చని చెప్పాల్సి వస్తదని పెట్టిన. గల్లీ బందైంది నీ మాటతోని కాదు, నా వేలుతోని.”

గడపలో ఎవరో “ఓసినీ” అన్నారు. లింగమూర్తి ముందుకు దూసుకొచ్చాడు గానీ, లింగవ్వ చేయెత్తితే ఆగిపోయాడు.

“నీకు అర్థమైంది,” అంది లింగవ్వ.

“అయింది అవ్వా.”

“అయితే నా మాట తప్పు గాదు.”

“కాదు.”

“లోపటికి రమ్మన్న నేను. నీళ్ళిద్దమనుకున్న. గోడ గూడ జరిగె.” లింగవ్వ కళ్ళలోంచి నీళ్ళు జలజలా కారాయి. పన్నెండు రోజులుగా ఆమె ఏడవడం ఎవరూ చూడలేదు. “మరి ఇన్ని దినాలు నా చేతి చాయ్ ఎట్ల తాగినవే పొల్లా?”

నీరజ తల దించుకుని నిలబడింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. 

లింగవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది. తెరిచి ఉన్న వెనక తలుపులోంచి బయటికి చూసింది.

“గా బండి ఇంకా ఇవతలికి రాదా?”

“రాదు అవ్వా. అవతలి సడక్ మీదనే ఉంటది.”

లింగవ్వ పాకుతున్నట్టుగా జరిగి కోడలి కడుపు మీద చేయి వేసింది. వంగి, గడపలో నిలబడ్డ మనిషితో మాట్లాడినట్టే మామూలుగా మాట్లాడింది.

“ఇంటున్నవా బిడ్డా? కోపానికి లేదన్న. గా మాట నీకు గాదు. తావుంది. గా సడక్ దాక ఉంది. రా.”

వెనక గోడ కదిలింది. ఈసారి జానెడుతో ఆగలేదు. గుడ్డ తాను విప్పి పరిచినట్టు నేల ఖాడీ మీదుగా పరుచుకుంటూ పోయింది, దాని మీదుగా కప్పు, రెండు పక్కలా గోడలు. గట్టున కూర్చున్న దశరథం లేచి చూసేసరికి అతను గది మధ్యలో ఉన్నాడు. కింద ఖాడీ పారుతున్న చప్పుడు వినపడింది. గోడ అవతలి గట్టెక్కి, సడక్ అంచున బండికి రెండడుగుల దూరంలో ఆగింది. కాసేపటికి ఆ చివర వెనక తలుపును ఎవరో మర్యాదగా తట్టారు. అంబులెన్స్ మనిషి.

“అత్తమ్మా,” అని ఊర్మిళ నడుము పట్టుకుంది. “నొస్తుంది. నొప్పులొస్తున్నయి.”

సోమలింగం, బిక్షపతి కప్పుకు కట్టిన మంచం తాళ్ళు కోసి దించారు. ఊర్మిళను దాని మీద పడుకోబెట్టి ముగ్గురు మగాళ్ళూ ఎత్తుకున్నారు. పొడవైన ఆ ఇంట్లో ఈ కొస నుంచి ఆ కొస దాకా మోసుకుపోయారు. ఊర్మిళ దారి పొడవునా అరుస్తూనే ఉంది. ఆ అరుపులు విని ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. అంబులెన్స్ మనిషి పేరు, వయసు, ఎన్నో నెల అని అడిగి రాసుకున్నాడు. దశరథం ఆమె పక్కన ఎక్కాడు. బండి సైరన్ వేసుకుని పోయింది. ఇటు గల్లీ మొదట్లో రేకులు వేసినవి వేసినట్టే ఉన్నాయి. హోంగార్డు వాటిని పైనుంచి కింది దాకా చూసి, లోపలివారు ఎవరూ రేకులు దాటలేదని తన పుస్తకంలో నిజమే రాసుకున్నాడు.

లింగమూర్తి తన ఇంట్లోంచి బట్టల పెట్టె మోసుకొచ్చి గడప లోపల పెట్టాడు. పెట్టె మీది దుమ్ము చేత్తో తుడిచి వెళ్ళిపోయాడు. నీరజ వైపు చూడలేదు. ఆడవాళ్ళు కూడా ఒక్కొక్కరుగా ఇళ్ళకు పోయారు. నీరజ గోడవారగా నిలబడి గైడ్ సార్‌కు ఫోన్ చేసింది. గల్లీలో అందరి ముందూ చెప్పేశానని, ఇప్పుడు మీరు కాగితం మీద కూడా రాయాలని అంది. నిజంగా రాయమంటావా, ఏడాది పోతుంది అన్నారాయన. రాయండి సార్ అంది. ఆయన నిట్టూర్చి, సరే, ఇంటికి వెళ్ళిపో అన్నారు.

ఆమె వెళ్ళలేదు. ఇద్దరూ ఆ పొడవాటి గదిలో ఫోన్ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు, లింగవ్వ ఒక గోడకు, నీరజ ఎదుటి గోడకు.  నీరజ ఏదేదో మొక్కుకుంది. ఎండ వెనక తలుపు దాటి లోపలికి పాకింది.

మూడు దాటాక దశరథం ఫోన్ చేశాడు. నీరజ స్పీకర్ పెట్టింది.

“అమ్మా, ఆడపిల్ల. పేగు మెడకు రెండు సుట్లు తిరిగిందంట. ముందుగాల ఏడ్వలేదే. నా పానం పోయింది. డాక్టరమ్మ ఈపు మీద సరిసింది, ఊపింది... ఇప్పుడు ఏడుస్తుంది, ఇను, ఇను! ఇంకో అరగంట అయితే దక్కకపోవునన్నరు. ఊర్మిళ మంచిగుంది.”

ఫోన్‌లోంచి సన్నగా, కోపంగా ఒక ఏడుపు వచ్చింది. లింగవ్వ రెండు చేతులూ చెవుల పక్కన పెట్టుకుని, ఏడుపు ఆగేదాకా నోరు తెరుచుకుని వింది. నీరజ మోకాళ్ళలో ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

లింగవ్వ లేచింది. మూలనున్న చీపురు తీసి నీరజ ముందు పడేసింది.

“ఏడ్సుడు తర్వాత. పొల్ల ఇంటికొచ్చేటాల్లకు ఒక్క నలక ఉండొద్దు. ఇంత ఇల్లు నేనొక్కదాన్ని ఊడ్వలేను. ఆ కొస నుంచి పట్టుకో.”

నీరజ చీపురు తీసుకుని ఆ కొసకు బయలుదేరింది. అక్కడికి చేరడానికే చాలాసేపు నడవాల్సి వచ్చింది.